పైక్ కోసం చేసిన సామాను మన వాలుగకు పనికొస్తుందా? గాలం విప్పి చేపను వదిలే కిట్‌పై సమీక్ష

పట్టిన చేపకు గాయం కాకుండా గాలం విప్పి, దాన్ని తిరిగి నీళ్లలోకి వదలడానికి కావలసిన సామానంతా ఒకే సంచిలో పెట్టి అమ్ముతున్న కిట్ ఒకటి నెల్లూరులో కూడా దొరుకుతోంది. నేను దాన్ని ట్రంకు రోడ్డు వైపు గాలాల సామాను అమ్మే దుకాణంలో చెప్పి తెప్పించుకున్నాను. ఆ తర్వాత నెల్లూరు చెరువు దగ్గర, బుచ్చిరెడ్డిపాళెం పక్కనున్న కనిగిరి రిజర్వాయరు దగ్గర, కృష్ణపట్నం వైపు ఉప్పుకాలువల్లో దాన్ని వాడి చూశాను. సంచిలో రబ్బరు పూత ఉన్న చేతివల, ఒడ్డున పరిచే మెత్తని పరుపు, అడుగు పొడవున్న ఫోర్సెప్స్, గాలాలు కత్తిరించే కట్టరు, ఒక చేతి తొడుగు, చేప దవడను పట్టుకునే లిప్ గ్రిప్ ఉన్నాయి. వీటిలో కొన్ని అద్భుతంగా పనిచేశాయి, కొన్ని మన ఎండకు తగినట్టు వాడుకోవలసి వచ్చింది, ఒకదాన్ని మాత్రం ఎవరూ వాడవద్దని చెప్పవలసి ఉంది.

ఈ కిట్ మన చేపల కోసం చేసినది కాదు. పెట్టెలో ఇచ్చిన బొమ్మల కరపత్రం నిండా పైక్ చేపే ఉంది. యూరప్, ఉత్తర ఆసియా, ఉత్తర అమెరికాల మంచినీటి సరస్సుల్లో, నదుల్లో ఉండే ఈ వేటాడే చేప మన దేశపు నీళ్లలో లేదు. పొడవాటి ఒళ్లు, బాతు ముక్కులా చదునుగా సాగిన మూతి, కింది దవడలో పెద్ద కోరలు, అంగిట్లో లోపలికి వాలి ఉండే వందలాది చిన్న పళ్లు దాని గుర్తులు. ఒకసారి నోట పడిన ఎర బయటికి జారకుండా ఆ పళ్లు లోపలివైపుకే దారి ఇస్తాయి కాబట్టి గాలం కూడా లోతుకు పోతుంది, దాన్ని వేళ్లతో తీయబోతే వేళ్లు తెగుతాయి. చూడటానికి ఇంత భీకరంగా ఉన్నా, ఒడ్డుకు చేరిన తర్వాత పైక్ చాలా సున్నితమైన చేప. ఒక్క ఉదుటున దూసుకుపోయి వేటాడే జాతి కావడం వల్ల పోరాటంలో త్వరగా అలిసిపోతుంది, నీళ్లు వేడెక్కిన రోజుల్లో ఆ అలసట నుంచి తేరుకోవడం దానికి కష్టమవుతుంది. అందుకే అక్కడి జాగ్రత్తపరులు నడివేసవిలో పైక్ జోలికే పోరు. ఇంగ్లండులో 2010 నుంచి ఉన్న నిబంధనల ప్రకారం నదుల్లో పట్టిన పైక్‌లలో రోజుకు ఒక్కదాన్ని, అదీ 65 సెంటీమీటర్ల లోపు ఉన్నదాన్ని మాత్రమే ఇంటికి తీసుకుపోవచ్చు. తక్కినవాటిని వదలవలసిందే కాబట్టి, వదలడానికి కావలసిన సామాను అక్కడ ఇంతగా పెరిగింది.

మనకు ఈ సామానుతో పనేమిటని అడిగేవారికి నా సమాధానం వాలుగ. కంటి వెనక దాకా చీలిన నోరు, వరుసలు వరుసలుగా సన్నని పళ్లు, పొలుసు లేని నున్నటి ఒళ్లు ఉన్న ఈ చేప పెన్నలోనూ దాని కింది చెరువుల్లోనూ పైక్ చేసే పనే చేస్తుంది. ప్రపంచవ్యాప్తంగా జాతుల పరిస్థితిని అంచనా వేసే ఐయూసీఎన్ జాబితాలో వాలుగ ఇప్పుడు ముప్పు పొంచి ఉన్న జాతుల వరుసలో ఉంది. పులుసుకు పట్టుకునేవారిని నేను తప్పుపట్టడం లేదు. సరదాకు గాలం వేసే మాలాంటివారు మాత్రం పట్టిన పెద్ద వాలుగను ప్రాణంతో, ఆరోగ్యంగా వదిలిపెట్టగలగాలని నా పట్టుదల. చేప మన చేతిలోంచి జారి నీళ్లలో కనిపించకుండా పోయినంత మాత్రాన అది బతికినట్టు కాదు. మొప్పలు చిట్లిన చేప, ఒంటిని కాపాడే జిగురు ఊడిన చేప రెండు మూడు రోజుల తర్వాత మనం చూడని చోట తేలుతుంది. కాబట్టి ఈ కిట్‌లోని ప్రతి వస్తువునూ, చేప ఎంత తక్కువ దెబ్బతో వెనక్కి వెళ్లిందన్న ఒక్క కొలతతోనే చూశాను.

ముందుగా వల. డబ్బు పెట్టవలసిన వస్తువు ఏదైనా ఉంటే అది ఇదే. మన దగ్గర సాధారణంగా వాడే నైలాన్ చేతివలకు ముడులు ఉంటాయి. చేప గింజుకున్నప్పుడు ఆ ముడులు ఒంటి మీది జిగురును గీకేస్తాయి, తోక రెక్కల అంచులను చీలుస్తాయి, పైగా మూడు మొనల గాలం అందులో చిక్కుకుంటే విప్పుకునేసరికి చేప ప్రాణం మీదికి వస్తుంది. ఈ వలకు ముడులు లేవు, దారం మీద మందపాటి రబ్బరు పూత ఉంది, గాలపు మొన అందులోకి దిగదు. అన్నిటికన్నా మేలైన విషయం దీని అడుగు భాగం సంచిలా కిందికి జారిపోకుండా దాదాపు చదునుగా ఉండటం. దానివల్ల పొడవాటి చేప మధ్యకు మడిచినట్టు వంగిపోకుండా ఒళ్లు చాచుకొని పడుకుంటుంది. కనిగిరి రిజర్వాయరులో మోకాలి లోతు నీళ్లలో నిలబడి, ఒక పెద్ద వాలుగను ఈ వలలోకి తీసుకొని, వలను నీళ్లలోనే ఉంచి చూసినప్పుడు దీని విలువ నాకు పూర్తిగా తెలిసింది. చేప కాసేపు తోకతో కొట్టి, తర్వాత పక్కకు ఒరిగి, పొడవాటి మీసాలు రెండూ వెనక్కి వాల్చుకొని, మొప్పలు నిదానంగా ఆడిస్తూ ఉండిపోయింది. పై దవడ మూలన గాలం స్పష్టంగా కనిపిస్తోంది. దాన్ని ఒడ్డుకు తేవలసిన అవసరమే రాలేదు, ఫోర్సెప్స్‌తో పట్టి ఒక మలుపు తిప్పగానే గాలం ఊడివచ్చింది, వల అంచును నీళ్లలోకి వంచగానే చేప తనంతట తానే బయటికి ఈదుకుంటూ పోయింది.

వలకు లోపం కూడా ఉంది. కాడను పొడవు పెంచి బిగించే ప్లాస్టిక్ తాళం ఉప్పునీటికి ఆగలేదు. కృష్ణపట్నం వైపు వాడిన తర్వాత మంచినీళ్లతో కడిగి ఆరబెట్టినా, బరువు పడినప్పుడు తాళం దానంతటదే తిరిగి కాడ లోపలికి జారుతోంది. మంచినీటి చెరువులకే పరిమితమయ్యేవారికి ఈ ఇబ్బంది రాకపోవచ్చు గాని, ఉప్పుకాలువల్లో పండుగప్పకు వెళ్లేవారు కాడ ఒకటే ముక్కగా ఉన్న వలను విడిగా కొనుక్కోవడం మంచిది.

పరుపు విషయం కొంచెం వివరంగా చెప్పాలి. పైక్‌ను ఒడ్డుకు తీసినప్పుడు గడ్డి మీదో రాళ్ల మీదో పడేయకుండా, తడిపిన మెత్తని పరుపు మీద పడుకోబెట్టి గాలం తీయాలన్నది అక్కడి పద్ధతి. ఆలోచన సరైనదే. మన చెరువు కట్టలకు లోపలివైపు పరిచిన కొండరాళ్ల మీద చేప ఎగిరెగిరి పడితే దాని ఒళ్లంతా చీరుకుపోతుంది, అక్కడ పరుపు కచ్చితంగా కావాలి. అయితే కిట్‌లో ఇచ్చిన పరుపు పైపొర ముదురు ఆకుపచ్చ ప్లాస్టిక్. చల్లని దేశాల్లో అది సరిపోతుంది. నెల్లూరు ఎండలో దాన్ని పది నిమిషాలు కట్ట మీద పరిచి వదిలితే అరచేయి ఆనించలేనంతగా కాలుతుంది. దాని మీద పొలుసు లేని వాలుగను పెట్టడమంటే వేడి పెనం మీద పెట్టడమే. దీనికి పరిష్కారం కష్టం కాదు. పరుపును చుట్టి నీడన ఉంచుకొని, చేప వలలోకి వచ్చిన తర్వాతే పరిచి, దాని మీద రెండు బకెట్ల చెరువు నీళ్లు పోసి, అప్పుడు చేపను పెట్టాలి. పైపొర లేత రంగులో ఉండి ఉంటే ఈ శ్రమ సగం తగ్గేది. తయారీదారులు మన దేశంలో అమ్మదలచుకుంటే ముందు మార్చవలసింది ఇదే.

ఫోర్సెప్స్ మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. స్టీలు తుప్పు పట్టలేదు, పట్టు జారదు, పిడి దగ్గర బిగిసిపోయే మెట్లు ఉండటం వల్ల గాలాన్ని పట్టాక వేళ్లకు శ్రమ ఉండదు. అడుగు పొడవు ఎందుకన్నది కరపత్రంలోని బొమ్మలు చూస్తే అర్థమవుతుంది. పైక్‌ను పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఎడమ చేతి రెండు వేళ్లను మొప్ప మూత కిందుగా, మూత లోపలి గోడకు ఆనించి, ముందుకు గడ్డం ఎముక దాకా జరపాలి. అక్కడ రెండు మొప్ప మూతలు కలిసే చోట వేళ్లకు గట్టి పట్టు దొరుకుతుంది. అక్కడ పట్టి తలను కొద్దిగా పైకెత్తితే నోరు దానంతటదే తెరుచుకుంటుంది. వేళ్లు ఎర్రటి మొప్ప దారాలను గాని, వాటి లోపలివైపున్న పదునైన ముళ్లను గాని తాకకూడదు. తాకితే మన వేలు తెగుతుంది, అంతకన్నా ముఖ్యంగా చేప మొప్పల నుంచి నెత్తురు కారుతుంది. గాలం గొంతు దగ్గర ఉంటే మొప్ప సందులోంచి ఫోర్సెప్స్ పంపి, గాలాన్ని తలకిందులుగా తిప్పి బయటికి తీస్తారు. ఇది పైక్ విషయంలో నిలిచిన పద్ధతి. వాలుగకు నోరే అంత వెడల్పు కాబట్టి చాలాసార్లు ఎదుటి నుంచే పని జరిగిపోతుంది, మొప్ప సందు జోలికి పోకపోవడమే మంచిది.

ఈ పట్టును పండుగప్ప మీద మాత్రం ప్రయత్నించకండి. పండుగప్ప మొప్ప మూత అంచు కత్తిలా ఉంటుందని, అక్కడ చేయి పెట్టితే చర్మం చీలిపోతుందని మన తీరప్రాంతపు జాలర్లలో తెలియనివారు లేరు. కరపత్రం రాసినవారికి పండుగప్ప సంగతి తెలియదు కాబట్టి ఆ హెచ్చరిక అందులో లేదు. పండుగప్పకు కోరలు ఉండవు, ఉప్పుకాగితంలా గరుకైన సన్నని పళ్లే ఉంటాయి. చేతిని తడిపి, బొటనవేలితో కింది దవడను పట్టి, రెండో చేతిని పొట్ట కిందుగా ఆనించి అడ్డంగా ఎత్తడమే సరైన పద్ధతి. పెద్ద పండుగప్పను వదలడంలో మరొక ప్రయోజనం ఉంది. ఈ జాతి చేపలు మొదట మగవిగా ఎదిగి, సుమారు 80 నుంచి 100 సెంటీమీటర్ల పొడవుకు వచ్చేసరికి చాలావరకు ఆడవిగా మారతాయి. అంటే కాలువల్లో దొరికే బాగా పెద్ద పండుగప్ప దాదాపుగా గుడ్లు పెట్టే తల్లే.

ఇక లిప్ గ్రిప్. పిడి నొక్కితే రెండు లోహపు కొక్కేలు చేప కింది దవడను బిగించి పట్టుకుంటాయి, పిడిలోనే స్ప్రింగు తక్కెడ ఉంది, చేపను అలాగే నిలువుగా వేలాడదీసి బరువు చూడవచ్చని పెట్టె మీద బొమ్మ వేశారు. నేను ఈ వస్తువును పూర్తిగా తిరస్కరిస్తున్నాను. నీళ్లలో చేప బరువును నీరే మోస్తుంది, వెన్నెముక గాని పొట్టలోని అవయవాలు గాని నిలువుగా వేలాడే భారాన్ని మోయడానికి తయారైనవి కావు. ఆస్ట్రేలియాలో పండుగప్పలనే ఇలాంటి గ్రిప్‌లతో పట్టి పరిశీలించినప్పుడు నోటి లోపలి పొరకు గాయాలయ్యాయి, నిలువుగా ఎత్తిన చేపల వెన్నుపూసల అమరికలో తేడా వచ్చినట్టు ఎక్స్‌రేలలో కనిపించింది. పైక్‌ను, వాలుగను కూడా అడ్డంగా, పొట్టకు ఆనింపు ఇచ్చి మాత్రమే ఎత్తాలి. బరువు తెలుసుకోవాలనుకుంటే చేపను వలతో సహా తూచి, తర్వాత ఖాళీ వలను తూచి తీసివేస్తే సరిపోతుంది. ఒక పక్క చేపను కాపాడే పరుపునిచ్చి, మరో పక్క దాన్ని దవడతో వేలాడదీసే పరికరాన్ని అదే సంచిలో పెట్టడం నాకు చాలా బాధ కలిగించింది.

చేతి తొడుగు మందంగా, గరుకుగా ఉంది. వేళ్లను కాపాడుతుంది గాని పొడిగా ఉంటే చేప జిగురునంతా ఊడ్చేస్తుంది, బాగా తడిపిన తర్వాతే తొడుక్కోవాలి. కట్టరు చిన్నదైనా పదునైనది, మందపాటి గాలాన్ని కూడా ఒక్క నొక్కుతో తెంచుతుంది. తీయడానికి వీలులేని చోట దిగిన మూడు మొనల గాలాన్ని ముక్కలు చేసి ఒక్కో ముక్కను విడిగా తీయడానికి దీన్ని మించినది లేదు.

జిగురు గురించి ఇంతగా చెప్పడానికి కొర్రమీను కారణం. కొర్రమీనుకు గాలి పీల్చే ఏర్పాటు తల లోపలే ఉంది, అందుకే అది తడి గోనెపట్టాలో గంటల తరబడి బతికే ఉంటుంది. దాన్ని చూసి చాలామంది, కొర్రమీనును ఎలా పట్టుకున్నా ఏమీ కాదనుకుంటారు. ఊపిరికి ఢోకా లేకపోవచ్చు గాని చర్మానికి ఉంది. 1988లో మన దేశంలోకి వచ్చిన పుండ్ల వ్యాధికి అన్నిటికన్నా ముందు బలయ్యేది కొర్రమీనే. చలికాలంలో చెరువుల్లో ఎర్రటి పుండ్లతో తేలే కొర్రమీనులను మనవాళ్లందరూ చూసినవారే. ఆ వ్యాధి కలిగించే, శిలీంధ్రంలాంటి సూక్ష్మజీవికి ఒంటి మీది గీత, ఊడిన పొలుసు తెరిచిన తలుపు. కొర్రమీను పాములా మెలికలు తిరిగే చేప, పొడి చేతులతో ఎంత గట్టిగా పట్టుకుంటే అంత పొలుసు ఊడుతుంది. రబ్బరు వలలో ఉంచి, తల మీద తడిగుడ్డ కప్పితే చాలావరకు నెమ్మదిస్తుంది. మరొక్క మాట. నీటి పైభాగాన ఎర్రటి పిల్లల గుంపు కదులుతుంటే దాని కిందే తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. కప్ప బొమ్మ ఎరను ఆ గుంపు మీదుగా లాగితే తల్లి తప్పకుండా మీద పడుతుంది. దాన్ని ఎంత జాగ్రత్తగా వదిలినా, ఆ కొద్ది నిమిషాల్లోనే ఇతర చేపలు పిల్లలను తినేస్తాయి. అక్కడ ఏ కిట్టూ సహాయపడదు, గాలం వేయకపోవడమే మార్గం.

వాలుగకు, పండుగప్పకు మాత్రం ఊపిరే అసలు సమస్య. 20 డిగ్రీల నీళ్లలో లీటరుకు 9 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ కరుగుతుంది, 30 డిగ్రీలకు వచ్చేసరికి అది ఏడున్నరకు పడిపోతుంది. మన చెరువుల నీళ్లు ఏడాదిలో ఎక్కువ కాలం ఆ రెండో లెక్కకు దగ్గరగానే ఉంటాయి. పైగా వేడి నీళ్లలో చేపకు ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. కొన్ని నిమిషాలు గాలిలో ఉంచి వదిలిన పైక్‌లు ఆ తర్వాత చాలాసేపు సరిగా కదలకుండా ఉండిపోతాయని పరిశోధకులు గమనించారు. చల్లని నీళ్ల చేప సంగతే అదైతే, మే నెలలో సోమశిల ఒడ్డున ఫోటో కోసం ఎత్తి పట్టుకున్న వాలుగ సంగతి ఊహించుకోవచ్చు. ఫోటో తీసేవారు కెమెరాతో సిద్ధమయ్యాకే చేపను నీళ్లలోంచి ఎత్తాలి, ఒకటి రెండు ఫోటోలు కాగానే దించాలి. వదిలేటప్పుడు విసరకూడదు. తోక మొదలును ఒక చేత్తో, పొట్టను మరో చేత్తో పట్టి, మూతిని పారే నీటికి ఎదురుగా ఉంచి, అది తనంతట తాను చేతిని విదిలించుకొని వెళ్లేదాకా ఆగాలి. ముందుకూ వెనక్కూ ఊపడం చాలామంది చేస్తారు గాని, వెనక్కి లాగినప్పుడు నీళ్లు మొప్పల్లోకి తప్పుదారిన పోతాయి, దానివల్ల మేలు లేదు.

చెరువును లీజుకు తీసుకున్న మత్స్యకారుల సంఘం అనుమతితోనే నేను అక్కడ గాలం వేస్తాను. ఒకరోజు సంఘంలోని పెద్దాయన కలుజు దగ్గర నా సామానంతా తిప్పి తిప్పి చూసి, “ఏంది నాయనా, పట్టిన చేపని మళ్లా నీళ్లల్లో వదిలేదానికి ఇంత సామానా?” అని అడిగాడు. వలను చేతికిచ్చి, “ఇది పట్టుకోని చూడు పెద్దాయనా, ముడే లేదు” అన్నాను. ఆయన వల అడుగును రెండు వేళ్ల మధ్య పెట్టి నలిపి చూసి, “గుడ్డుతో ఉండే వాలుగని తీసేదానికి ఇది బాగుంటది. మా వలలో పడితే తోక నిలవదు” అన్నాడు. చేపల మీదే బతికిన మనిషి చేతితో తడిమి ఇచ్చిన తీర్పు కాబట్టి దాన్ని ఇక్కడ రాస్తున్నాను.

ధర విషయానికి వస్తే, కిట్ మొత్తానికి పెట్టే డబ్బులో లిప్ గ్రిప్ వాటా వృథాయే. విడివిడిగా దొరికే చోట వల, ఫోర్సెప్స్, కట్టరు ఈ మూడే కొనండి. పరుపు బదులు లేత రంగు టార్పాలిన్ కింద పాత నురుగు దిండు పెట్టి కుట్టించుకుంటే మన ఎండకు అదే మేలు. చేతి తొడుగు కావాలంటే రబ్బరుది ఏ హార్డ్‌వేర్ దుకాణంలోనైనా దొరుకుతుంది. కిట్‌లో లేనిది, కాని అన్నిటికన్నా ముందు ఉండవలసినది ఒకటుంది. గాలపు మొన పక్కన వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లును కటింగ్ ప్లయర్‌తో నొక్కి చదును చేసుకోవాలి. దారం సడలకుండా ఉంచితే చేప తప్పించుకోదు, గాలం మాత్రం ఎక్కిన దారినే తేలిగ్గా వెనక్కి వస్తుంది. మూడు మొనల గాలాలున్న బొమ్మ ఎరలకు వాటిని విప్పేసి ఒంటి గాలాలు తగిలించుకోవచ్చు. వాలుగకు వెళ్లేవారు దారం చివర స్టీలు లీడరు, అంటే పళ్లకు తెగని పొట్టి తీగ ముక్క, తప్పక కట్టాలి. పళ్లకు దారం తెగిపోతే నోట్లో గాలంతో పోయే చేపకు ఈ సంచిలోని ఏ వస్తువుతోనూ సహాయం చేయలేము.